దస్తీ కింది బొటనవేలు

ఖాళీ గోదాముకు ఎలుకలే కిరాయిదార్లు. అవి కిరాయి ఇవ్వకపోగా గోనెసంచులు కొరికిపెడతాయి. అందుకే వానాకాలం మొదట్లో టీవీ సీరియల్ వాళ్లు జహీరాబాద్‌కు వచ్చి, పాత అల్లం గోదాము ఒకటి కొన్నాళ్లకు కావాలని అడిగినప్పుడు గురులింగప్ప రెండో మాట అడగలేదు. అల్లం భూమిలో ఊరుతున్నన్నాళ్లు అతని అడ్తి దుకాణానికి పని ఉండదు. రైతులు తెచ్చిన సరుకును ఖరీదుదార్లకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకోవడం అతని వ్యాపారం. సరుకే లేనప్పుడు కమీషన్ ఎక్కడిది? గోడలకు సున్నం వాళ్లే వేస్తారట. కరెంటు వాళ్లే తెచ్చుకుంటారట. ఆ లైట్ల వేడికి ఎలుకలు కూడా ఊరొదిలి పోతాయట. ఇంతకంటే లాభసాటి బేరం ఏముంటుంది?

మొదటి రోజు పొద్దున జీపులోంచి ఖాకీ బట్టల వాళ్లు బిలబిలమంటూ దిగి గోదాములోకి పోతుంటే మాత్రం అతని గుండె గుభేలుమంది. ఇంట్లోంచి భార్య శరణమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏం జేసిన్రు మీరు?" అంది, ఏదో చేసే ఉంటాడన్న నమ్మకంతో.

"నేనేం జేసిన? కమీషన్ దప్ప వేరే పాపమెర్కనా నాకు?"

ఇంతలో ఇన్‌స్పెక్టరు టోపీ తీసి, తల గోక్కుంటూ వచ్చి, "ఆంటీ, కొంచెం అల్లం టీ దొరుకుతుందా?" అన్నాడు. మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. గురులింగప్ప మెట్టు మీద కూలబడి ఊపిరి వదిలాడు. ఆ సీరియల్ అతనికిచ్చిన మొదటి ఊరట అది.

సీరియల్ పేరు 'మాల్‌సేఠ్' అనీ, అల్లం బస్తాల్లో మత్తుమందు పొట్లాలు పెట్టి బొంబాయి రోడ్డు మీద లారీలు నడిపే ఒక పెద్ద దొంగ కథ అనీ ఆ సాయంత్రం డైరెక్టరు మహిధర్ చెప్పాడు. రాజమండ్రి వైపు కుర్రవాడు. నవ్వు ముఖం.

"మీ గోదామే మా సేఠ్ కోటండీ. మొదటి ఎపిసోడంతా ఇక్కడే" అన్నాడు సంబరంగా.

గురులింగప్ప లేచి వెళ్లి ముందు తన పేరున్న బోర్డు దింపించాడు. తర్వాత సంచుల మీద తన దుకాణం ముద్ర కనపడకుండా అన్నింటినీ లోపలివైపు బయటికి తిప్పించాడు. గోదాము కిరాయికిచ్చాడు గాని, పేరు ఇవ్వలేదు కదా! అంతటితో తన జాగ్రత్త పూర్తయిందనే అనుకున్నాడు. అసలు మెలిక వేరే చోట పడింది.

ఒకరోజు విత్తనానికి పోగా మిగిలిన కాస్త అల్లం గురించి అతనూ మాణిక్ సేటూ బేరం ఆడుకుంటుంటే మహిధర్ చూశాడు. జహీరాబాద్ నుంచి పూణెకు, బొంబాయికి అల్లం పంపే ఖరీదుదార్లలో మాణిక్‌దే పెద్ద చెయ్యి. వర్తకుల సంఘానికి పెద్ద కూడా అతనే. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. గురులింగప్ప భుజం మీది దస్తీ తీసి ఇద్దరి కుడిచేతుల మీదా కప్పాడు. ఒక్క మాట లేదు. దస్తీ కింద ఏదో కదిలింది. మాణిక్ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కదిలింది. ఈసారి నిలువుగా ఊపాడు. బేరం అయిపోయింది.

మార్కెట్ యార్డులో బహిరంగ వేలం వచ్చి ఏళ్లు గడిచాయి. కాని అల్లం యార్డుకు పోదు, దుకాణాల ముందే అమ్ముడుపోతుంది. అక్కడ ఇప్పటికీ దస్తీదే రాజ్యం. ఏ వేలు పట్టుకుంటే ఎంత, రెండు వేళ్లు కలిపి పట్టుకుంటే ఎంత అన్నది ఖరీదుదారుకూ అడ్తిదారుకూ తప్ప పక్కవాడికి తెలియదు. వేళ్లది ధర. బొటనవేలిది మాత్రం వేరే పని. అల్లం ఎంత దులిపినా మన్నుతోనే వస్తుంది కాబట్టి బస్తాకు కిలో తరుగు తీస్తారు. అది అందరి ముందూ చెప్పే లెక్క. బేరం చివర్లో బొటనవేలు ఎదుటివాడి అరచేతిలో ఒత్తితే, పైకి చెప్పినదానికి ఇంకో కిలో కలుపుకొమ్మని అర్థం. అందులో సగం ఖరీదుదారుది, సగం అడ్తిది. ఎదురుగా నిలబడ్డ రైతుకు దస్తీయే కనిపిస్తుంది. గురులింగప్ప తండ్రి నాటి నుంచీ ఉన్న పద్ధతి. గాలికి తక్కెడ ముల్లు కొద్దిగా ఊగినట్టు ఇదీ వ్యాపారంలో ఒక ఊగు అనుకునేవాడు అతను. అలాగని నలుగురిలో చెప్పుకునేదీ కాదు.

"ఇది నా సీరియల్‌లో ఉండాలండీ! మా సేఠ్ బొంబాయి వాడితో ఇలాగే బేరం ఆడాలి. మీరే నేర్పాలి" అని మహిధర్ వెంటపడ్డాడు.

మాణిక్ గురులింగప్పను గోడ చాటుకు తీసుకుపోయాడు.

"నేర్పుతే నేర్పు, గురులింగన్నా. గని తప్పుడు వేళ్లు నేర్పు. చిటికెన వేలు వట్టుకుంటె లక్ష అను. చూపుడు వేలు వట్టుకుంటె సున్న అను. హీరోకేమెర్క?"

"మల్ల బొటనవేలు?"

"దాని ముచ్చటే ఎత్తకు! అది బయటవడ్డదనుకో, రైతులు నీ దుకాణంల బస్తా దింపరు. రైతులు దింపకుంటే నేను నీ దస్తీ కింద చెయ్యెందుకు వెడత? దుకాణం ఖతం. అంతే ముచ్చట."

"నాకు జెప్తున్నవా? నేనేమన్న నిన్న పుట్టిన్నా?"

తీరా చిత్రీకరణ వేళకు హీరో చేతులు పనికి రాలేదు. మైదాపిండి ముద్దల్లా ఉన్నాయి. అల్లం సేఠ్ చేతులు ఇలా ఉండవన్నాడు మహిధర్. చుట్టూ చూశాడు. గురులింగప్ప చేతుల మీద చూపు ఆగింది. మన్ను ఇంకిన గీతలు, సంచి కొక్కెం గుచ్చుకుని నడిమికి చీలిన బొటనవేలి గోరు.

"ముఖం హీరోది, చెయ్యి మీది" అన్నాడు.

పొగడ్త ఎంత చవకదైనా పుచ్చుకునేవాడికి బరువుగానే తోస్తుంది. గురులింగప్ప చెయ్యి కడుక్కుని వచ్చాడు. వద్దు, మన్ను ఉండాలంటే మళ్లీ పూసుకున్నాడు. కెమెరా కింద పెట్టి, దస్తీ లోపలికి లైటు వేశారు. తప్పుడు వేళ్ల వరస మనసులో రెండుసార్లు చదువుకున్నాడు. చిటికెన వేలు లక్ష, చూపుడు వేలు సున్న.

"మీరు మామూలుగా ఏం చేస్తారో అదే చేయండి. యాక్షన్!"

దస్తీ పడింది. అంతే. ముగుతాడు వదిలేసినా ఎద్దు తన ఇంటి దారే పట్టినట్టు, వేళ్లు ముప్పై ఏళ్లుగా నడిచిన దారినే నడిచాయి. బొంబాయి వాడి వేషం వేసిన మనిషి చేతిని తడిమాయి, పట్టాయి, వదిలాయి, మళ్లీ పట్టాయి. చివర్లో బొటనవేలు తనంతట తానే వెళ్లి ఆ అరచేతిలో మెత్తగా ఒత్తింది.

"కట్! అబ్బ, ఏం చెయ్యండీ! ఆ చివర్లో బొటనవేలు... అదేమిటి?"

చప్పట్లు కొట్టారు. అంతమంది అంత మర్యాదగా తనవైపు చూడటం గురులింగప్ప ఎన్నడూ ఎరగడు. "అది మన్ను తరుగు సార్. రైతుకు జెప్పకుంట..." అనేసి, నాలుక కరుచుకున్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. అతనికి ముందు చెయ్యి జారింది, ఆ వెనకే నోరూ జారింది. మాణిక్ అప్పటికి అక్కడ లేకపోవడం ఒక్కటే కలిసొచ్చింది.

"ఎట్లయింది?" అని మాణిక్ మర్నాడు అడిగాడు.

"అన్నీ తప్పులే నేర్పిన" అన్నాడు గురులింగప్ప.

సీరియల్ వాళ్లు సామాను సర్దుకుని పోయారు. గోడలు తెల్లగా మెరిశాయి. ఎలుకలు మాత్రం వారంలోపే తిరిగొచ్చాయి. గురులింగప్ప లోపల కూడా అలాంటిదే ఒకటి చేరి కొరకడం మొదలుపెట్టింది. అన్నం ముందు కూర్చుంటే సయించేది కాదు. దసరాకు ముందు ఉండబట్టలేక మహిధర్‌కు ఫోన్ చేశాడు.

"సార్, ఆ చెయ్యి సీను జర తీసెయ్యరాదు?"

"అయ్యో, అదేం మాటండీ! మొదటి ఎపిసోడ్‌కి ప్రాణం అదే. మొదటి బ్రేక్ అవగానే వస్తుంది."

"పోనీ బొటనవేలు ఒక్కటన్న కొయ్యిన్రి."

అవతల మహిధర్ పగలబడి నవ్వాడు. "మా సేఠ్ కూడా రెండో ఎపిసోడ్‌లో అచ్చం ఇదే డైలాగ్ చెప్తాడండీ!" అని ఫోన్ పెట్టేశాడు.

కాలం ఆగదు కదా. చలి ముదిరింది, అల్లం తవ్వకాలు మొదలయ్యాయి. ప్రతి ఏడూ లాగే తొలి బస్తాలు ఝరాసంగం నుంచి ఎల్లమ్మ తెచ్చింది. అరవై దాటిన మనిషి. మొగుడు పోయినా సేద్యం వదల్లేదు. ఆమె సరుకు ఎక్కడ దింపితే ఆ ఊరి సగం అక్కడే దింపుతుంది. ఆటోలోంచి దిగుతూనే అడిగింది.

"సేటు, నీ సినిమ ఎన్నడొస్తది?"

"సినిమ కాదక్కా, సీరియలు. నాకేమెర్క."

"నీకెర్క లేకుంటె ఎవరికెర్క? ఊరంత జెప్పుకుంటున్నరు, సేటు చెయ్యి టీవీల వస్తదని."

గురులింగప్ప ఆ రోజు దస్తీ కింద బేరం ఎలా ముగించాడో అతనికే గుర్తులేదు.

సంక్రాంతి పోయిన తర్వాతి ఆదివారం సాయంత్రం మొదటి ఎపిసోడ్ అని టీవీలో ప్రకటన వచ్చింది. పెద్దగా ఎవరూ పట్టించుకోకుండా దాటిపోతుందేమో అన్న చిన్న ఆశ ఒకటి ఉండేది. దాన్ని మాణిక్ తన చేతులతోనే తుంచేశాడు. "మన ఊరు టీవీల వస్తుంటే ఇంట్ల ముసుగేసుకుని సూస్తమా?" అని యార్డు షెడ్డులో ఇంత పెద్ద తెర కట్టించాడు. రైతులను కూడా పిలిచాడు. కరెంటు పోతే ఇబ్బందని జనరేటరు కూడా తెప్పించాడు. దాన్ని బండి మీంచి దింపుతుంటే గురులింగప్పే తాడు పట్టుకోవలసి వచ్చింది.

వర్తకుడు చివరి నిమిషం దాకా బేరం వదలడు. మొదటి బ్రేక్ తర్వాతే కదా ఆ సీను. సరిగ్గా అప్పుడు అందరి కళ్లూ తెర మీది నుంచి తిండి మీదికి మళ్లితే చాలు. మిర్చి బజ్జీల బండివాడితో మాట్లాడుకున్నాడు. "ప్రకటనలు అయిపోయి సీరియలు మల్ల షురువైనంక తీస్కరా. ముందుగాల గాదు. షురువైనంక" అని మూడుసార్లు చెప్పాడు.

ఆదివారం ఎండ తగ్గేసరికి ఝరాసంగం, మొగుడంపల్లి, న్యాల్‌కల్ ఆటోలు వరసగా వచ్చి ఆగాయి. వర్తకులు కుర్చీల్లో, రైతులు జంపఖానాల మీద కూర్చున్నారు. ఎల్లమ్మ అందరికంటే ముందు, తెరకు తల ఆనేంత దగ్గరగా కూర్చుంది. గురులింగప్పను బలవంతంగా ముందు వరసలో మాణిక్ పక్కన కూర్చోబెట్టారు. శరణమ్మ ఆడవాళ్లలోంచి అతన్నే చూస్తోంది.

తెర మీద వాన. బొంబాయి రోడ్డు. సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఒక లారీ ఆగింది. మీసం సరిగ్గా అతుక్కున్న ఇన్‌స్పెక్టరు ఇనుప చువ్వతో బస్తాలను పొడిచాడు. చువ్వ కొసకు అల్లం ముక్క తప్ప ఏమీ రాలేదు. లారీ కదిలింది. సంగీతం దడదడలాడింది.

"గా అల్లం మనది గాదు" అన్నాడొక రైతు. "తెల్లగ కడిగున్నది. యాడికెల్లి తెచ్చిన్రో."

"లోపట పొట్లాలున్నయని ఎర్కయితనే ఉంది. బస్తా గట్ల ఉబ్బుతదా ఎన్నడన్న?" అన్నాడు ఇంకొకడు.

"ఊకోరాదు, పోలీసోనికి లేని బాధ నీకెందుకు?" అంది ఎల్లమ్మ.

గోదాము వచ్చింది. ఈలలు వేశారు. మాల్‌సేఠ్ బస్తా చీల్చి, అల్లంలోంచి తెల్లటి పొట్లం తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. బ్రేక్ పడింది.

అగరొత్తుల ప్రకటన ఇంకా సగంలో ఉండగానే బజ్జీల పళ్లేలు వచ్చేశాయి. గురులింగప్ప లేచి చేతులు ఊపాడు, కళ్లురిమాడు.

"వేడి వేడిగ ఉన్నయి సేటు, సల్లారితే మంచిగుండయ్" అంటూ బండివాడు చకచకా పంచేశాడు. బ్రేక్ అయ్యేసరికి అందరి నోళ్లలో బజ్జీ ఉంది, అందరి కళ్లూ తెర మీదే ఉన్నాయి. మాట్లాడే వీలు ఒక్కరికీ లేదు. డబ్బిచ్చి మరీ షెడ్డునంతా నిశ్శబ్దం చేయించుకున్నాడు గురులింగప్ప.

దస్తీ పడింది. దాని లోపల పసుపుపచ్చని వెలుతురులో, ఏనుగంత పెద్దదిగా, అతని చెయ్యి.

"ఏ, గిది మన సేటు చెయ్యే! సీలిన గోరు సూడున్రి!" అని ఎల్లమ్మ బజ్జీ మింగి అరిచింది.

వేళ్లు కదిలాయి. నిజం వేళ్లు. మాణిక్ నమలడం ఆపేశాడు. మెల్లగా గురులింగప్ప వైపు తిరిగాడు. గురులింగప్ప తెర వైపే చూస్తూ ఉండిపోయాడు. బొటనవేలు బయలుదేరింది. అరచేతిలోకి దిగింది, ఒత్తింది. అప్పుడు మాల్‌సేఠ్ గొంతు షెడ్డు రేకులు అదిరేలా పలికింది.

"వేళ్లు చెప్పేది ధర. బొటనవేలు చెప్పేది కోత. సరుకు మోసుకొచ్చినవాడు ఎదురుగానే నిలబడి ఉంటాడు. వాడికి దస్తీ మాత్రమే కనిపిస్తుంది."

ఇంతకంటే వివరంగా చెప్పాలంటే డప్పు కొట్టించాలి.

దొంగకు తేలు కుట్టినట్టు వర్తకుల కుర్చీలన్నీ బిగుసుకుపోయాయి. రేపటి నుంచి దుకాణం ముందు ఒక్క ఆటో ఆగకపోవడం, తాళం తీసి తను ఖాళీ తక్కెడను తుడుచుకోవడం గురులింగప్ప కళ్లకు కట్టింది.

ముందు వరస జంపఖానా మీది నుంచి కిసుక్కుమని ఒక నవ్వు వినిపించింది. ఎల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. ఆమె పక్కనామె అందుకుంది. ఆ వెనక మొగుడంపల్లి రైతులు. చూస్తుండగానే జంపఖానాలన్నీ నవ్వాయి.

"గింతేనా?" అంది ఎల్లమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఏందో పెద్ద ముచ్చట జెప్తడనుకున్న. గీ బొటనవేలు సంగతి నేను కాపురానికొచ్చిన ఏడే మా అత్త జెప్పింది."

గురులింగప్ప తెర మీది నుంచి కళ్లు తిప్పాడు. "నీకు... ఎర్కనా అక్కా?"

"ఎర్క లేకేంది? నువ్వు ఒత్తినప్పుడల్ల పైకి సూస్తవ్, సేటు. రేకులల్ల గువ్వ గూడు వెట్టినట్టు. మీ నాయిన గూడ గంతే, ఆయన ఒత్తేటప్పుడు దగ్గేటోడు."

"మా న్యాల్‌కల్ దిక్కు అడ్తిదారైతే చెవు గోక్కుంటడు" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఎర్కుండి ఎందుకూకున్నరు?" అన్నాడు గురులింగప్ప.

"ఊకుంటమా? గందుకే మేము అల్లం దులుపం. నువ్వు చాటుకు కిలో ఒత్తితే మేము రెండు కిలోల మన్ను ఉంచుతం. నువ్వు పైకి సూసినవంటె లోపట లోపట నవ్వుకుంటం. నీ వేలికి మా మన్ను చెల్లు."

మాణిక్ కుర్చీలోంచి లేచాడు. చేతిలో సగం కొరికిన బజ్జీ ఉంది.

"రెండు కిలోలా? అంటె ఇన్నేండ్ల సంది నేను బొంబాయికి ఝరాసంగం మన్ను పంపుతున్ననా?"

"మన్నొక్కటే పంపుతున్నవా, మాణిక్ సేటు?" అంది ఎల్లమ్మ. "లారీ కెక్కించే ముందు బస్తాల మీద పైపు వట్టుడు మేము సూడలేదా? మన్ను మాది, నీళ్లు నీయి. బొంబాయోళ్లు నాటేస్తె మొలకలొస్తయి!"

"అది అల్లం ఎండిపోవద్దని జల్లుడు!"

"ఔ ఔ. మేము గూడ మన్ను అల్లానికి సలి వెట్టద్దనే ఉంచుతున్నం."

ఇక షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. వర్తకులు కూడా నవ్వారు. నవ్వకపోతే దొరికిపోయినట్టు కనిపిస్తారు కదా, అందుకు మొదలుపెట్టి, తర్వాత నిజంగానే నవ్వారు. తెర మీద పాపం మాల్‌సేఠ్ ఎవరినో కుర్చీకి కట్టేసి గొంతు మీద కత్తి పెడుతున్నాడు. అతని వైపు చూసినవాడు లేడు. ఎవరి తరుగు ఎంత, ఎవరి మన్ను ఎంత అని ఊరి వారీగా లెక్కలు తేల్చుకోవడంలో మునిగిపోయారు. బొంబాయి వాడు కూడా ఏదో ఒకటి చేస్తూనే ఉంటాడని, లేకపోతే వాడు వ్యాపారం ఎలా చేస్తాడని మాణిక్ చివరికి తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

గురులింగప్ప మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, నెలల తర్వాత మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చాడు. ఇన్నాళ్లూ ఎదుటివాళ్ల కళ్లు కప్పాననుకున్నాడు. ఆ కళ్లేమో తననే చూస్తున్నాయి. చూసి, లెక్క వేసుకుని, తమ వంతు కలుపుకుని, మళ్లీ ఆ మర్నాడు తన గడపకే వచ్చాయి. ఇందులో తనకు నష్టమెంతో తెలియలేదు. బరువు మాత్రం దిగింది. ఉన్నట్టుండి విపరీతంగా ఆకలి వేసింది. పళ్లెంలో చల్లారిన బజ్జీలు నాలుగు వరసబెట్టి తిన్నాడు.

ఫోన్ మోగింది. మహిధర్.

"ఎలా ఉందండీ మీ చెయ్యి? ఊళ్లో అందరూ ఏమంటున్నారు?"

"చెయ్యి మంచిగొచ్చింది సార్" అన్నాడు గురులింగప్ప. "గని దొంగను ఎవ్వలు సూడలే. ఎవల దొంగతనం వాళ్లు జెప్పుకునుడే సరిపోయింది."

ఇంటికి నడుస్తుంటే శరణమ్మ అడిగింది. "ఇన్ని నెలలు అన్నం సరిగ తినకపోతిరి. గిందుకేనా?"

"గిందుకే."

"నన్నడిగితె నేనే జెప్పేదాన్ని గద."

"ఏందీ?"

"మీరు ఒత్తినప్పుడు పైకి సూస్తరని."

అతను నడక ఆపి భార్య వైపు చూశాడు. ఆమె ఆగలేదు. "నడువుండ్రి, కూర సల్లారుతది" అంది.

మర్నాడు సోమవారం. దుకాణం తాళం మామూలుకంటే ముందే తీశాడు. రాత్రి నవ్విన రైతు పొద్దున లెక్క తీయడని ఎవరు హామీ? షెట్టరు ఎత్తి, కూర్చుని, రోడ్డు వైపు చూశాడు. మొదటి ఆటో ఆగకుండా పోయింది. అది ఫ్యాక్టరీ పనివాళ్లది. రెండోది మెల్లగా వచ్చి ఆగింది. బస్తాల మీద కూర్చుని ఎల్లమ్మ.

"ఏంది సేటు, అట్ల సూస్తున్నవ్? రాననుకున్నవా?"

"రాకేం జేస్తవ్ అక్కా" అన్నాడు, లేచి నిలబడుతూ.

బస్తాలు దిగాయి. మన్ను నేల మీద రాలింది, నిన్నటి మాటకు సాక్ష్యంగా ఏమాత్రం తగ్గకుండా. మాణిక్ వచ్చాడు. ఒక బస్తాలో చెయ్యి పెట్టి, అల్లం తీసి, మన్ను గీకి చూసి, ఎల్లమ్మ వైపు చూసి, చెయ్యి చాచాడు. గురులింగప్ప దస్తీ కప్పాడు.

వేళ్లు పట్టాడు. మాణిక్ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ పట్టాడు. మాణిక్ ఒప్పుకున్నాడు. ఇక మిగిలింది బొటనవేలు. అది అలవాటుగా కదిలింది. సగం దారిలో ఆగింది. ఎటు చూడాలో అతనికి తోచలేదు. పైకి చూడకూడదు. పక్కకు చూస్తే ఎల్లమ్మ. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని, గువ్వ గూడు కోసం వెతుకుతున్నట్టు రేకుల కప్పు వైపు తల ఎత్తి నిలబడింది.

"ఒత్తు సేటు, ఒత్తు" అంది, తల దించకుండానే. "ఇయ్యాల మన్ను ఎక్కువనే తెచ్చిన. ఫికర్ జెయ్యకు."

గురులింగప్పకు నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. ఆపుకోబోయాడు. భుజాలు ఎగిరిపడ్డాయి. దస్తీ ఊగింది.

"ఏందన్నా ఇది? ఎంతంటున్నవ్?" అన్నాడు మాణిక్ కంగారుగా. "ఒక్క తీరుగ వణుకుతుంది నీ చెయ్యి. నాకు లెక్క దెలుస్తలేదు."

గురులింగప్ప చెయ్యి లాగేసుకున్నాడు. దస్తీ దులిపి భుజాన వేసుకున్నాడు. ధర నోటితో, రోడ్డు మీది వాళ్లకు కూడా వినపడేలా చెప్పాడు. తరుగు కిలో, అంతకు మించి లేదన్నాడు.

మాణిక్ అటూ ఇటూ చూసి, దగ్గి, "సరే మల్ల" అన్నాడు.

ఎల్లమ్మ తల దించింది. ఇద్దరినీ, బస్తాలనూ ఒకసారి చూసుకుంది.

"గట్లయితె మన్ను దులిపిస్త" అంది. "గని గా ధర నాకు సాలదు సేటు. జర మీదికి జరుగు."